తెరచాప తాళ్లు, వాటి పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారాలు హుస్సేన్‌సాగర్ మీద పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతుంటాను. పిల్లలను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు ఒడ్డున నిలబడి పడవ వంక చూస్తూ అడిగే మొదటి మాట, "ఇన్ని తాళ్లేంటండీ?" అనే. పిల్లలకు కూడా అన్నిటికంటే తికమక పెట్టేది తాళ్ల పేర్లే. పదేళ్లుగా విన్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. పేర్లు ఇంగ్లీషువే ఉంచాను, ఎందుకంటే నీళ్ల మీద వినపడేవి అవే. అర్థం మాత్రం మన మాటల్లో చెప్పాను.

షీట్ అంటే తెరచాపా? తాడా?

తాడు. దుప్పటి లాంటిదేదో అనుకుని అందరూ తెరచాప వంకే చూస్తారు. కొత్తగా వచ్చిన వాళ్లలో ఈ పొరపాటు పడని వాళ్లను నేను చూడలేదు. తెరచాప వెనక కింది మూలను, లేదా ఆ మూల కట్టి ఉన్న అడ్డకొయ్యను, లోపలికి లాగడానికీ బయటికి వదలడానికీ వాడే తాడే షీట్. పాత ఇంగ్లీషులో తెరచాప కింది మూలను దాదాపు ఇలాంటి మాటతోనే పిలిచేవారు. మూల పేరు మూలకు కట్టిన తాడుకు వచ్చింది.

ఎడ్లబండి తోలిన ఊరివాళ్లకు ఒక్క మాటలో చెబుతాను: షీట్ అంటే పగ్గం. చుక్కాని పడవకు దారి చూపుతుంది. గాలిలోంచి ఎంత బలం తీసుకోవాలో, ఎంత వదిలేయాలో చెప్పేది షీట్. పెద్ద తెరచాపకు కట్టింది మెయిన్‌షీట్, ముందున్న చిన్న మూడుమూలల తెరచాపకు కట్టింది జిబ్ షీట్.

అన్నీ తాళ్లే కదా, ఒక్కోదానికి ఒక్కో పేరెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఒక చేదు అనుభవం నేర్పింది. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఇద్దరు మనుషుల పడవలో ఒక కుర్రాణ్ని ఎక్కించుకున్నాను. గాలి ఒక్కసారిగా విసిరింది. ఎదురుగా ఇంకో పడవ వస్తోంది. "ఆ తాడు వదులు!" అని అరిచాను. వాడి మోకాలి దగ్గర రెండు తాళ్లున్నాయి, రెండూ తెల్లవే. వాడు షీట్ బదులు హాల్యార్డ్, అంటే తెరచాపను పైకి ఎత్తి ఉంచే తాడు, వదిలాడు. తెరచాప సగం వరకు జారి మా ఇద్దరి మీదా పడింది, నాకు ఎదుటి పడవ కనపడలేదు. అవతలి మనిషి తప్పించాడు కాబట్టి సరిపోయింది. తప్పు ఆ కుర్రాడిది కాదు, "ఆ తాడు" అన్న నాది.

అప్పటి నుంచి నా పడవలో "ఆ తాడు", "ఈ తాడు" అనే మాట లేదు. ఏ పని చేస్తే ఆ పేరు. పేరు పలికితే చెయ్యి దానంతట అది వెళ్లాలి. గాలి హోరులో రెండో మాట చెప్పే వ్యవధి దొరకదు. రాత్రిపూట సముద్రంలో ఉండేవాళ్లకు కళ్లు కూడా సాయం చేయవు.

పడవ మీద అసలు "రోప్" అనకూడదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. దుకాణంలో చుట్టగా ఉన్నంతసేపు అది రోప్. కోసి, పడవ మీద ఒక పనికి పెట్టగానే లైన్ అవుతుంది, లేదంటే తన సొంత పేరు తెచ్చుకుంటుంది. రోప్ అనే పేరే నిలుపుకున్నవి కొన్ని ఉన్నాయి: గంట కొట్టే బెల్ రోప్, తెరచాప అంచులో కుట్టే బోల్ట్ రోప్, పాత ఓడల్లో అడ్డదూలం కింద నావికులు పాదాలు మోపి నిలబడే ఫుట్ రోప్. అవతలివాళ్లు "రోప్" అన్నారని సరిదిద్దుతూ కూర్చోవడం మాత్రం నాకు నచ్చదు. పని జరగడం ముఖ్యం.

ముందు తెరచాప భాగాల పేర్లు నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి. అయిదు నిమిషాల పని, తర్వాత అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. మూడుమూలల తెరచాపను గోడకు ఆనించినట్టు ఊహించుకోండి. పై మూల హెడ్. ముందు కింది మూల టాక్. వెనక కింది మూల క్ల్యూ. స్తంభం వైపున్న ముందు అంచు లఫ్, వెనక అంచు లీచ్, కింది అంచు ఫుట్.

ఇప్పుడు తాళ్లు చూడండి. హెడ్‌ను పైకి లాగేది హాల్యార్డ్. క్ల్యూను అదుపు చేసేది షీట్. క్ల్యూను అడ్డకొయ్య, అంటే బూమ్, చివరికి లాగి ఫుట్‌ను సాగదీసేది ఔట్‌హాల్. టాక్ వైపు కిందికి లాగి లఫ్‌ను బిగించేది డౌన్‌హాల్. ఏ తాడు ఏ మూలకు పోతుందో తెలిస్తే పేరు మరిచిపోయినా పని మరిచిపోరు.

హాల్యార్డ్ గురించి వివరంగా చెప్పండి.

బడిలో ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసిన తాడు గుర్తుందా? అదే హాల్యార్డ్. ఇంగ్లీషులో జెండా తాడును కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. లాగడం అనే అర్థమున్న పాత మాటలోంచి ఈ పేరు వచ్చింది. పాత ఓడల్లో తెరచాప వేలాడే అడ్డదూలాన్ని యార్డ్ అంటారు, దాన్ని పైకి లాగే తాడు కావడంతో ఆ యార్డ్ కూడా స్పెల్లింగులో వచ్చి చేరింది.

ఒక చివర తెరచాప హెడ్‌కు కట్టి ఉంటుంది. అక్కడి నుంచి స్తంభం కొసకు వెళ్లి, గిలక మీదుగా తిరిగి, స్తంభం లోపలి నుంచో పక్క నుంచో కిందికి దిగుతుంది. కాబట్టి పొడవు స్తంభం ఎత్తుకు రెట్టింపు ఉండాలి, చేతికి అందే తోక దానికి అదనం. కొత్తది కొనేటప్పుడు ఈ లెక్క మరిచి పొట్టి తాడు తెచ్చుకున్నవాళ్లు చాలామంది.

ఒక్క విషయం దగ్గర నుంచి చూడమంటాను. తెరచాప దించాక హాల్యార్డ్ మొదటి మూర చేతిలోకి తీసుకుని వేలితో నిమరండి. తెరచాప నిండా ఎత్తినప్పుడు గిలక మీద కూర్చునేది ఎప్పుడూ ఆ ఒక్క చోటే. అక్కడ పైపొర నూగులాగా లేచి ఉంటుంది. ఇంకా ముదిరితే పొర చిట్లి లోపలి తెల్లటి పోగులు కనిపిస్తాయి. తక్కిన తాడంతా కొత్తదానిలా మెరుస్తున్నా సరే, తెగేది ఆ చోటే. నూగు లేచినప్పుడే చివర ఒక జానెడు కోసి మళ్లీ ముడి వేస్తే, బరువు కొత్త చోట పడుతుంది. తాడుకు ఇంకో రెండు మూడేళ్ల ఆయుష్షు వస్తుంది. అందుకే మొదట కొనేటప్పుడే ఒక మీటరు ఎక్కువ తీసుకోమంటాను.

హాల్యార్డ్ బిగింపుతో తెరచాప ఆకారం కూడా మారుతుంది. గాలి పెరిగేకొద్దీ తెరచాప పొట్ట వెనక్కి జరుగుతుంది. హాల్యార్డ్‌ను ఇంకొంచెం లాగితే లఫ్ బిగుసుకుని పొట్ట మళ్లీ ముందుకొస్తుంది. గాలి సన్నగా ఉన్నప్పుడు లఫ్ వెంట చిన్న చిన్న ముడతలు కనిపించేంత వదులు ఉంచండి.

మా అబ్బాయి లేజర్ పడవకు హాల్యార్డ్ లేదు. ఏమైనా తక్కువైందా?

తక్కువ కాలేదు, ఆ పడవకు అది ఉండదు. బ్రూస్ కెర్బీ గీసిన ఆ నమూనా అంత సరళమైనది. తెరచాప ముందు అంచు పొడుగాటి సంచిలా కుట్టి ఉంటుంది. రెండు ముక్కల స్తంభాన్ని ఆ సంచిలోకి దూర్చి, మొత్తం ఎత్తి పడవలో నిలబెడతారు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పడవ ఇది, ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. దీని చిక్కల్లా ఒకటే: నీళ్ల మీద గాలి ఎక్కువైతే తెరచాప దించేసుకునే దారి లేదు. అందుకే లేజర్ వాళ్లకు షీట్, వాంగ్, కనింగ్‌హామ్ మీద (చివరి రెండూ తెరచాప ఆకారం సరిచేసే తాళ్లు, కింద చెబుతాను) చెయ్యి బాగా తిరిగి ఉండాలి.

చిన్నపిల్లల ఆప్టిమిస్ట్ పడవలోనూ మామూలు హాల్యార్డ్ ఉండదు. తెరచాపను స్తంభానికి సన్నటి దారాలతో కట్టేస్తారు. నాలుగో మూలను ఒక వాలుకర్ర ఎత్తి పట్టుకుంటుంది. దాన్ని స్ప్రిట్ అంటారు. ఆ కర్రను పైకి నెట్టి బిగించడానికి ఒక పొట్టి తాడు ఉంటుంది. పై మూల నుంచి కింది మూలకు ఏటవాలుగా పెద్ద ముడత పడితే ఆ తాడు సరిచూడాలని పిల్లలకు చెప్పండి.

షీట్‌ను క్లీట్‌లో (తాడును కదలకుండా పట్టి ఉంచే బిగింపు) బిగించేసి హాయిగా కూర్చోవచ్చు కదా?

హుస్సేన్‌సాగర్ మీద వద్దు. ఈ చెరువు చుట్టూ ఎత్తైన భవనాలు. వాటి మధ్య సందుల్లోంచి గాలి ఒక పద్ధతి లేకుండా వస్తుంది. వానాకాలం పడమటి గాలి మొదలయ్యాక మరీనూ. నీటి మీద నల్లటి మచ్చ పరుగెత్తుకుంటూ వస్తే అది గాలి విసురు. అది తాకిన క్షణంలో షీట్ కొంచెం వదలాలి. వదిలితే పడవ నిటారుగా లేచి ముందుకు దూకుతుంది. క్లీట్‌లో ఇరికి ఉంటే, మీరు దాన్ని విడిపించేలోపు పడవ పక్కకు పడుకుంటుంది. నేను అలా బోర్లాపడిన రోజులు చాలా ఉన్నాయి, అన్నీ క్లీట్‌ను నమ్ముకున్న రోజులే.

గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే షీట్ చేతిలోనే ఉంటుంది. చేతికి బరువనిపిస్తే చేతి తొడుగులు వేసుకోండి. షీట్‌ను మణికట్టుకు గాని, వేళ్లకు గాని ఎప్పుడూ చుట్టుకోవద్దు. బరువు ఒక్కసారిగా వస్తే చెయ్యి విడిపించుకోలేరు.

పడవ బోర్లా పడితే ముందు షీట్, వాంగ్ రెండూ వదిలేసి, ఆ తర్వాతే డాగర్‌బోర్డ్, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక, మీద నిలబడి లేపండి. బిగించి ఉన్న తెరచాపతో లేస్తే పడవ గాలిని పట్టుకుని అవతలి వైపు మళ్లీ పడుతుంది.

మెయిన్‌షీట్ అన్ని కప్పీల చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

బావి గిలక తాడుకు దారి మారుస్తుంది కానీ బరువు తగ్గించదు. మెయిన్‌షీట్‌లో కొన్ని కప్పీలు పడవకు, కొన్ని బూమ్‌కు ఉంటాయి. బూమ్ మీద నాలుగు పోగులు లాగుతుంటే మీ చేతి బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. బదులుగా బూమ్ ఒక మీటరు లోపలికి రావాలంటే మీరు నాలుగు మీటర్ల తాడు లాగాలి. ఒరిపిడిలో కొంత బలం పోతుంది. అందుకే కప్పీల్లో ఇసుక, ఉప్పు లేకుండా మంచినీళ్లతో కడగాలి.

జిబ్‌కు రెండు షీట్లు ఎందుకు?

జిబ్ స్తంభానికి ముందుంటుంది. పడవ మలుపు తిరిగినప్పుడల్లా అది ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లాలి. అందుకని ఎడమకొకటి, కుడికొకటి. పని చేస్తున్నదాన్ని వర్కింగ్ షీట్ అనీ, ఊరికే పడున్నదాన్ని లేజీ షీట్ అనీ అంటారు. మలుపులో పాతది వదలడం, కొత్తది లాగడం ఒక్క ఊపిరిలో జరగాలి. పెద్ద పడవల్లో ఈ షీట్లు వించ్ మీదకు, అంటే తాడు చుట్టి లాగే గుండ్రటి డోలు మీదకు, వెళ్తాయి. తాడును ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. వదిలేటప్పుడు వేళ్లు కాకుండా అరచేతిని చుట్ల మీద ఆనించి కొంచెం కొంచెంగా జారనివ్వాలి. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లు ముడి వేసుకుని ఎక్కండి.

వాంగ్, కనింగ్‌హామ్, ఔట్‌హాల్: ఈ మూడూ కలగాపులగం అయిపోతున్నాయి.

మూడూ తెరచాప ఆకారం కోసమే. తేడా ఎటు లాగుతాయన్నది.

ఔట్‌హాల్ క్ల్యూను వెనక్కి లాగుతుంది. బిగిస్తే తెరచాప కింది భాగం పలకలా అవుతుంది, వదిలితే గిన్నెలా లోతవుతుంది. లోతు ఉంటే బలం ఎక్కువ. గాలికి ఎదురుగా, గట్టి గాలిలో పోతున్నప్పుడు పలకలా ఉంచండి. గాలి వెనక నుంచి వస్తుంటే వదలండి.

వాంగ్ బూమ్‌ను కిందికి లాగి పట్టుకుంటుంది. స్తంభం మొదలు నుంచి బూమ్‌కు ఏటవాలుగా ఉంటుంది. ఇంగ్లండ్ వాళ్లు కిక్కర్ అంటారు, రెండూ ఒకటే. షీట్ లోపలికి లాగినంతసేపు షీటే బూమ్‌ను కిందికి కూడా పట్టుకుంటుంది, వాంగ్‌కు పెద్ద పని ఉండదు. షీట్ వదిలి బూమ్ బయటికి పోయాక దాన్ని పైకి లేవకుండా ఆపేది వాంగ్ ఒక్కటే. అది లేకపోతే బూమ్ పైకి లేచి, తెరచాప పై భాగం మెలితిరిగి, గాలి అంతా వృథాగా జారిపోతుంది.

కనింగ్‌హామ్ ఒక మనిషి పేరు. అమెరికాకు చెందిన బ్రిగ్స్ కనింగ్‌హామ్ 1958లో అమెరికాస్ కప్ అనే పేరున్న తెరచాప పడవల పోటీ గెలిచిన కొలంబియా పడవకు సారథి. రేసు కార్లు కూడా తయారుచేయించాడు. ఆయన ఆలోచన చాలా తేలికైనది: టాక్‌కు కాస్త పైన తెరచాపలో ఒక కన్నం పెట్టి, దానిలోంచి తాడు దూర్చి కిందికి లాగితే, హాల్యార్డ్ ముట్టుకోకుండానే లఫ్ బిగుసుకుంటుంది. హాల్యార్డ్ లేని లేజర్‌లో దీని విలువ ఎంతో చెప్పక్కర్లేదు. నాకు ఈ తాడంటే ప్రత్యేకమైన ఇష్టం. చిటికెన వేలంత లావు కూడా లేని తాడు రెండు అంగుళాలు లాగగానే బరువెక్కిన పడవ ఊపిరి పీల్చుకున్నట్టు తేలికవుతుంది. పిల్లలకు మొదటిసారి అది తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

గాలి బాగా పెరిగితే తెరచాపను చిన్నది చేయొచ్చా? దానికేమైనా తాడుందా?

ఉంది, రీఫింగ్ లైన్. చేసే పని రీఫ్ తీసుకోవడం. లంగా పొడుగైతే మడతపెట్టి కుట్టినట్టు, తెరచాప కింది భాగాన్ని మడిచి బూమ్‌కు కట్టేస్తారు. హాల్యార్డ్ కొంత దించి, టాక్ వైపున్న కొత్త కన్నాన్ని కొక్కేనికి తగిలించి, రీఫింగ్ లైన్ లాగి కొత్త క్ల్యూను బూమ్‌కు బిగిస్తారు. మళ్లీ హాల్యార్డ్ ఎత్తుతారు. మిగిలిన గుడ్డను పొట్టి దారాలతో రీఫ్ ముడి వేసి సర్దుతారు. ఆ ముడికి పేరు అలా వచ్చిందే. ముందు తెరచాపను చుట్టచుట్టే పడవల్లో ఆ పని చేసే తాడు ఫర్లింగ్ లైన్.

రీఫ్ తీసుకోవాలా అనే అనుమానం వచ్చిందంటే అప్పటికే తీసుకుని ఉండాల్సిందని అర్థం. మన నౌకాదళం మహిళల బృందం ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, 2018 మే 21న ప్రపంచం చుట్టి తిరిగొచ్చింది. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లు: విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. 55 అడుగుల ఆ పడవకు పసిఫిక్‌లో 60 నాట్లు దాటిన గాలి ఎదురైంది. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, లెక్క వేసుకోండి. అలాంటి దక్షిణ సముద్రాల్లో, చలిలో వేళ్లు మొద్దుబారి, పడవ ఒరిగి ఊగుతుండగా రీఫింగ్ లైన్ ఏదో చీకట్లో వెతుక్కోవడం కుదరదు. మా క్లాసులో ఆడపిల్లలకు ఈ కథ నేను తప్పకుండా చెబుతాను.

స్పిన్నకర్ తాళ్లు ఎన్ని? గై అంటే ఏమిటి?

స్పిన్నకర్ అంటే గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు ముందు ఎగరేసే గొడుగు లాంటి రంగుల తెరచాప. గాలి వచ్చే వైపు మూలను ఒక కర్ర పట్టుకుంటుంది. ఆ కర్ర చివరి మూలకు కట్టిన తాడు గై, అవతలి మూలది షీట్. మలుపు తిరిగి కర్ర పక్క మారితే గై షీట్ అవుతుంది, షీట్ గై అవుతుంది. తాడు అదే, పేరు మారింది, ఎందుకంటే పని మారింది. కర్రను పైకి పట్టేదాన్ని టాపింగ్ లిఫ్ట్ అనీ, కిందికి పట్టేదాన్ని డౌన్‌హాల్ అనీ అంటారు.

పెద్ద పడవల్లో స్పిన్నకర్ షీట్ల చివర ముడి వేయవద్దు. మెయిన్‌షీట్, జిబ్ షీట్ల చివర అడ్డుముడి వేస్తాం కదా అని దీనికీ వేస్తారు. స్పిన్నకర్ అదుపు తప్పితే ఆఖరి ఉపాయం షీట్‌ను పూర్తిగా జారిపోనివ్వడమే. చివర ముడి ఉంటే అది కప్పీలో అడ్డుపడి, తెరచాప గాలి నింపుకుని పడవను పడుకోబెడుతుంది.

ప్రివెంటర్ ఎందుకు?

గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు చుక్కాని కాస్త తప్పినా బూమ్ ఈ చివరి నుంచి ఆ చివరికి విసురుగా వస్తుంది. తలకు తగిలితే ప్రాణం పోతుంది. బూమ్‌ను ముందుకు లాగి కట్టి అది వెనక్కి రాకుండా ఆపేదే ప్రివెంటర్. సముద్రం మీద దూరప్రయాణాల్లో తప్పనిసరి. మా చెరువు పడవల్లో ఉండదు, అక్కడ తల వంచడమే.

ఐఎన్‌ఎస్ తరంగిణి లాంటి పెద్ద ఓడల్లో తాళ్లకు వేరే పేర్లుంటాయా?

ఉంటాయి. నాకు గంటలకొద్దీ మాట్లాడాలనిపించే విషయం ఇది. తరంగిణి గోవాలో కట్టిన మూడు స్తంభాల శిక్షణ ఓడ, 1997లో నౌకాదళంలో చేరింది. 2003-04లో ప్రపంచం చుట్టి వచ్చింది. దాని ముందు రెండు స్తంభాలకు అడ్డదూలాలూ, వాటికి వేలాడే నలుచదరపు తెరచాపలూ ఉంటాయి.

అడ్డదూలాన్ని గాలికి తగ్గట్టు అటూ ఇటూ తిప్పే తాళ్లు బ్రేస్‌లు. దూలం చివరలను సమంగా పట్టి ఉంచేవి లిఫ్ట్‌లు. తెరచాప చుట్టాలంటే కింది మూలలను పైకి లాగే క్ల్యూలైన్లు, మధ్య అంచును పైకి లాగే బంట్‌లైన్లు, పక్క అంచులను లాగే లీచ్‌లైన్లు ఉంటాయి. పెళ్లిపందిట్లో తెర పైకి ఎత్తినట్టు కింది నుంచే లాగితే గుడ్డంతా దూలం దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత నావికులు పైకెక్కి కట్టేస్తారు.

ఇక్కడే టాక్ అనే మాట పుట్టు కూడా తెలుస్తుంది. స్తంభం మీద అన్నిటికంటే కిందుండే నలుచదరపు తెరచాపకు ఒక్కో కింది మూలకు రెండు తాళ్లు: వెనక్కి లాగేది షీట్, ముందుకు లాగేది టాక్. గాలి కుడి నుంచి వస్తుంటే కుడివైపు టాక్ బిగించేవాళ్లు. ఇప్పుడు మనం స్టార్‌బోర్డ్ (కుడి) టాక్, పోర్ట్ (ఎడమ) టాక్ అంటున్నది ఆ తాడు వల్లే. పడవ ముక్కును గాలి మీదుగా తిప్పే మలుపునూ టాక్ అనే అంటాం. మా పిల్లల పడవలో ఆ తాడు లేదు, మాట మాత్రం రోజుకు వందసార్లు వినిపిస్తుంది. తాడు, మూల, మలుపు మూడిటికీ ఒకే పేరెందుకని అడిగిన ఏడో తరగతి పాపకు ఇదే చెప్పాను.

బోలిన్ ముడి సంగతీ అంతే. గాలికి వీలైనంత ఎదురుగా పోయేటప్పుడు చదరపు తెరచాప ముందు అంచు ముడుచుకుపోకుండా ఓడ ముక్కు వైపు లాగి పట్టే తాడు బోలైన్. దాన్ని కట్టే ముడికి ఆ పేరు వచ్చింది. తాడు పోయి ముడి మిగిలింది.

స్తంభాన్ని పట్టుకునే తీగలకు కూడా ఇవే పేర్లా?

కావు, అవి వేరే జాతి. స్తంభాన్ని ముందు వైపు పట్టేది ఫోర్‌స్టే, వెనక వైపు బ్యాక్‌స్టే, పక్కలకు ష్రౌడ్‌లు. కదలవు కాబట్టి స్టాండింగ్ రిగ్గింగ్. ఈ పేజీలో చెబుతున్న లాగే, వదిలే తాళ్లన్నీ రన్నింగ్ రిగ్గింగ్.

ఏ తాడు కొనాలి? హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ పనికొస్తుందా?

హాల్యార్డ్‌కు పనికిరాదు. నైలాన్ సాగుతుంది. గాలి విసిరినప్పుడల్లా హాల్యార్డ్ సాగితే, మీకు బిగువు కావలసిన సమయానికి తెరచాప వదులవుతుంది. అదే సాగే గుణం లంగరు తాడుకు మంచిది, కుదుపును మింగేస్తుంది. షీట్లకు, హాల్యార్డ్‌లకు అల్లిన పాలిస్టర్ తాడు తీసుకోండి. డబ్బు పెట్టగలిగితే హాల్యార్డ్‌కు డైనీమా అనే గట్టి కృత్రిమ నార తాడు. అది దాదాపు సాగదు, నీటి మీద తేలుతుంది. కాకపోతే నున్నగా ఉండి కొన్ని ముడులు జారిపోతాయి, ముడి బిగించాక ఒకటికి రెండుసార్లు లాగి చూడండి.

షీట్ ఎంచుకునేటప్పుడు గట్టిదనం కంటే చేతికి పట్టు ముఖ్యం. సన్నటి తాడు బరువు మోస్తుంది కానీ అరచెయ్యి కోస్తుంది. లేజర్ మెయిన్‌షీట్‌కు 6 లేదా 7 మిల్లీమీటర్లు చాలామందికి సరిపోతుంది.

పాతకాలంలో జనపనార జాతి నారలు, మనీలా నార, కొబ్బరిపీచు. కొబ్బరితాడు ఉప్పునీటికి తట్టుకుంటుంది, తేలుతుంది కూడా. నార తాళ్లు తడిస్తే పొట్టివవుతాయి. వాన పడితే హాల్యార్డ్‌లు కొంచెం వదలమని పాత నావికులు చెప్పేది అందుకే. తడిసిన నులక మంచం బిగుసుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఎన్ని ముడులు వస్తే చాలు?

మొదటి ఏడాదికి నాలుగు. తాడు చివర కప్పీలోంచి జారిపోకుండా ఎనిమిది అంకె ముడి. జిబ్ షీట్‌ను క్ల్యూకు కట్టడానికి బోలిన్, ఎంత బరువు పడినా విప్పడానికి వస్తుంది. రీఫ్‌కు రీఫ్ ముడి. గుంజకు చుట్టి కట్టడానికి క్లోవ్ హిచ్. క్లీట్ చుట్టడం ముడి కిందికి రాదు, అయినా నేర్చుకోవాలి: మొదట మొదలు చుట్టూ ఒక పూర్తి చుట్టు, తర్వాత ఎనిమిది అంకెలా రెండు.

ఈ తాళ్లకు తెలుగు పేర్లు లేవా?

ఒకప్పుడు మన తీరమంతా తెరచాపలే. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది, స్తంభాల నుంచి దిగిన తాళ్లు కూడా గీతలుగా కనిపిస్తాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో ఓడలు కట్టేవారు. అంత పని చేసిన మనుషులకు ప్రతి తాడుకూ పేరు లేకుండా ఉండదు. నిఘంటువులకన్నా ఆ మాటలు తెరచాప ఎత్తిన చేతుల్లో ఎక్కువగా బతికాయి. ఇంజన్ వచ్చాక చేతులు మారాయి. మీ ఊళ్లో తెప్ప మీద తెరచాపతో వేటకు వెళ్లిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి వాళ్ల పక్కన కూర్చుని ఒక్కో తాడుకూ ఏమనేవారో అడిగి రాసుకోండి. ఇది నా విన్నపం.

మిగిలిన మాటలు చూస్తే ముచ్చటేస్తుంది. చుక్కాని అరబ్బీ నావికుల సుక్కాన్. లంగరు, సరంగు పారసీ నుంచి వచ్చాయి. తెరచాప మాత్రం అచ్చంగా మనది, తెరా చాపా రెండూ అందులోనే ఉన్నాయి.

క్లాసులో నేను తెలుగులో ఇలా చెబుతాను: హాల్యార్డ్ ఎత్తుడు తాడు, షీట్ పగ్గం, ఔట్‌హాల్ సాగదీసే తాడు, వాంగ్ అణచే తాడు, రీఫింగ్ లైన్ మడత తాడు. ఇవి నేను పెట్టుకున్నవి. అర్థమయ్యాక మళ్లీ షీట్, వాంగ్ అనే పిలుస్తాం, ఎందుకంటే రేపు గోవాలోనో ముంబైలోనో పోటీకి వెళ్తే అందరూ అరిచేది ఆ మాటలే.

"త్రీ షీట్స్ టు ద విండ్" అంటే ఏమిటి?

తప్పతాగి తూలుతున్నాడని. షీట్లు చేతిలోంచి జారి గాలికి కొట్టుకుంటుంటే తెరచాప అదుపు తప్పి ఓడ తూలుతుంది కదా, అలాగ. షీట్ అంటే తాడు అని తెలియకపోతే ఈ మాట ఎన్నిసార్లు చదివినా అర్థం కాదు.

పేర్లు పిల్లలకు ఎలా గుర్తుండేలా చేయాలి?

చార్టు గోడకు అంటించి బట్టీ పట్టించడం నేనూ చేశాను, లాభం లేదు. ఒడ్డున పడవను ట్రాలీ మీద పెట్టి, స్తంభం నిలబెట్టి, తెరచాప కట్టండి. ఒక పిల్లను లోపల కూర్చోబెట్టి కళ్లకు రుమాలు కట్టండి. మీరు పేరు చెప్పండి, తను తాడు ముట్టుకోవాలి. మొదటి రోజు చెయ్యి గాలిలో తడుముకుంటుంది. మూడో వారానికి "వాంగ్" అనేలోపు వేళ్లు దాని మీద ఉంటాయి. తర్వాత పేరు చెప్పకుండా పని చెప్పండి: "లఫ్ వదులైంది", "బూమ్ పైకి లేస్తోంది". ఏ తాడు పట్టుకుంటుందో చూడండి. ఇంట్లో అయితే మంచం కోళ్లకు మూడు రంగుల తాళ్లు కట్టి కూడా ఈ ఆట ఆడించొచ్చు.